ఎనిమిదో నంబరు బూటు సంగ్రామం

సకల భువనాలకూ పైసా పుచ్చుకోకుండా వెలుగు పంచే ఆ ప్రచండ మార్తాండుడు, మబ్బుల దుప్పటి అవతలికి తన్నేసి, ఆవులిస్తూ ఆకాశవీథిలోకి అడుగుపెట్టిన ఒకానొక శుభోదయాన, మూడు ఊళ్లు కలిసే కూడలిలో, సోలార్ పలకలు బిగించడం నేర్పే బడి ముంగిట, నిచ్చెన మొదట్లో నిలిచి, తన కుడికాలి బూటు మీద కళ్ల నిప్పులు చెరుగుతూ ఉన్నది ఒక వీరవనిత. ఆమె యుద్ధగాథ వినండి. విన్నవారి కాళ్లకు చెప్పులు కరవవు, తొడిగిన బూటు వదులు కాదు.

ఆమెను అందరూ పిచ్చుక అంటారు, మనిషి అంత చిన్నది కాబట్టి. మొన్నటిదాకా అత్తగారితో కలిసి బొగ్గు గోడౌన్ ఊడ్చింది. గోడౌన్ మూతపడింది. అత్తాకోడళ్లిద్దరూ దుమ్ము దులుపుకుని ఒకే రోజు ఈ బడిలో చేరారు.

ఈ బడి పుట్టుకే ఒక మహా సంధి. ఒక ఊరికి ఖాళీ పడిన గోడౌన్ ఉంది, పని పోయిన జనం ఉన్నారు. రెండో ఊరికి పాఠం చెప్పే కాలేజీ ఉంది. మూడో ఊరికి పలకలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. ఎప్పుడూ ఉప్పూ నిప్పులా ఉండే ఆ మూడూ చేతులు కలిపి, ఆడా మగా, కుంటీ చెవిటీ, ముసలీ ముతకా ఎవ్వరినీ విడిచిపెట్టమని నిండుసభలో ప్రతిజ్ఞ చేశాయి. ప్రతిజ్ఞ దాకా అంతా బాగానే ఉంది. బూట్ల దగ్గర వచ్చింది చిక్కు.

వేరువేరు సైజులు తెప్పిస్తే తోలు మీకెక్కువా మాకెక్కువా అని ఊళ్ల మధ్య రగడ మొదలవుతుందని భయపడి, సమదర్శియూ న్యాయకోవిదుడూ అయిన ఉమ్మడి సంఘాధ్యక్షుడు, అందరి పాదాల కొలతలూ కూడి, మనుషుల లెక్కన భాగించి, వచ్చిన ఎనిమిదినే అందరికీ తెప్పించాడు. పెద్ద పాదాలవాళ్ల వేళ్లు అందులో ముడుచుకుపోయాయి. పిచ్చుకది నాలుగో నంబరు పాదం. గంగాళంలో గరిటెలా ఆడింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

ఆ రోజు పరీక్ష. నడుముకు బెల్టు కట్టుకుని డాబా పైకెక్కి, చివరి పలక నట్టు బిగించి, రెండు బూట్లూ కాళ్లకుండగా దిగినవాళ్లు పై పనికి. బూటు జారినవాళ్లు కింద బల్ల దగ్గర వైర్లు కలిపే పనికి. కింది పని తక్కువదేమీ కాదు, అత్తగారు దాన్ని కోరి ఎంచుకుంది. కానీ పిచ్చుక ఇన్నేళ్లూ వంచిన నడుము ఎత్తకుండా నేలనే చూసింది. ఆమెకు పైకి వెళ్లాలని ఉంది. అంతే, ఆ కోరిక ముందు ఆకలి కూడా దిగదుడుపే.

బూటు తాళ్లు బిర్రుగా లాగి, పళ్లు బిగబట్టి, గజారోహణం చేయు మహారాణి ఠీవితో నిచ్చెన ఎక్కసాగిందో లేదో, విశ్వాసఘాతకమైన ఆ కుడి బూటు మడమను వీడి, గాలిలో పల్టీలు కొట్టి, సరిగ్గా ఉపన్యాసం మొదలెట్టబోతున్న అధ్యక్షుని ముందు ధడేలుమని పడింది. అప్పుడా వీరాంగన దిక్కులు మారుమోగేలా గర్జించింది:

"సార్, ఊడిపోయిందండీ."

శిక్షకుడు తల గోక్కున్నాడు. "బెల్టుంది, నువ్వు పడవు. బూటు పడితే కిందున్నవాడి బుర్ర పగులుద్ది. ఇంకొక్కసారి ఎక్కనిస్తా. ఈలోగా ఏదో ఒకటి చూసుకో."

అధ్యక్షుడు బూటు అందుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, తన కాలికి తొడిగి చూసుకున్నాడు. ముఖం వికసించింది. "అతికినట్టు సరిపోయిందే! ఏముంది దీనికి?"

"మీకొక్కరికే సరిపోయింది బాబూ," అంది అత్తగారు, వైరు ఒలుస్తూ తలెత్తకుండానే. "మా అందర్నీ కూడి భాగిస్తే మీరొచ్చారు."

అధ్యక్షుడు చుట్టూ ఉన్న కాళ్లన్నీ మొదటిసారి చూశాడు.

అప్పుడు పర్వతాకారుడైన చెవిటి వెల్డరు లేచాడు. బూటే ఇరుకైన తనకు మేజోళ్లెక్కడ పడతాయి? బడిలో ఇచ్చిన కొత్త జత జేబులోనే ఉండిపోయింది. తీసి పిచ్చుక చేతిలో పెట్టి, ఒకదాని మీద ఒకటి తొడుక్కోమని వేళ్లతో చూపించాడు. వెంటనే మూడు ఊళ్ల మహాపాదులందరి జేబుల్లోంచీ మేజోళ్లు వర్షించాయి. అత్తగారు కోడలి పాదం ఒళ్లో పెట్టుకుని పొర మీద పొర తొడిగింది.

"ఇంకా కాస్త ఆడుతోంది అత్తయ్యా."

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. బల్ల చాటుకు వెళ్లి, తన మెత్తని నల్ల మేజోళ్లు విప్పి తెచ్చాడు. "ఉతికినవేనమ్మా," అన్నాడు చిన్నగా.

ఇక రెండో దండయాత్ర ఏమని వర్ణించను! మెట్టు మెట్టుకూ ఆ దుష్ట పాదరక్ష వెనక్కి లాగింది, మేజోళ్ల సేన ముందుకు నెట్టింది. గాలి వీచింది, నిచ్చెన కిర్రుమంది, కింద మూడు ఊళ్లూ మెడలు నొప్పిపుట్టేలా పైకి చూశాయి. పిచ్చుక డాబా ఎక్కింది, స్పానరు తిప్పింది, నట్టు కిక్కురుమనకుండా లొంగింది. ఒక్క క్షణం నిలబడి, నడుము నిటారుగా చేసి, అన్ని ఇళ్ల కప్పులనూ ఒకసారి చూసుకుంది. కళ్లు చెమర్చాయి. అవి తుడుచుకుని దిగడం మొదలుపెట్టింది.

నేల మీద కాలు పెట్టగానే శిక్షకుడు బూటు మడమ పట్టుకుని లాగి చూశాడు. కదల్లేదు. "రేపట్నుంచి పై పనికొచ్చెయ్," అన్నాడు.

అత్తగారు పమిట చెంగు ముక్కుకు నొక్కుకుని, "ఊరందరివీ ఉతికివ్వాలి, గుర్తుందా?" అంది.

"ఈసారి ఎవరి కొలత వాళ్లదే," అన్నాడు అధ్యక్షుడు, మేజోళ్లు లేని కాళ్లతో.

కావున ఓ దశదిశలారా, ఓ సమస్త పాదచారులారా, ఆలకించండి! మూడు ఊళ్లు ఏకమై పోరాడిన ఆ మహాసంగ్రామంలో, ఆ పవిత్ర దినాన, రెండోసారి నిచ్చెన ఎక్కినప్పటి నుంచి దిగేదాకా, కుడికాలి బూటు ఊడలేదు.