తొమ్మిది నిమిషాల ఫైలు

వేడినీటి ఊట పరిశోధనాలయంలో కొలతలను ఎప్పటికప్పుడు రాసే ఫైలుకు తగిన ఫార్మాట్ ఖరారైందని డైరెక్టరు గారు సగర్వంగా ప్రకటించారు. ఎంపికకు పద్నాలుగు నెలలే పట్టింది. ఊట మాత్రం పదిహేడేళ్లకోసారి పైకి చిమ్మి, తొమ్మిది నిమిషాల్లో చల్లగా సర్దుకుంటుంది. ఇంత తొందరపాటు దానికి ఎవరు నేర్పారో తెలియదు.

అక్కడ కొలతలు తీసే ఉద్యోగినిని అందరూ కొలతలమ్మ అంటారు. కిందటిసారి ఊట చిమ్ముతుండగా యంత్రం కలంలో సిరా ఎండిపోయింది. కాగితం తెల్లగా మిగలడం ఆమె కళ్లారా చూసింది. త్వరలో అది మళ్లీ చిమ్మాలి. ఆ తర్వాతిసారికి ఆమె రిటైరై ఇంట్లో ఉంటుంది. ఉన్నదిక ఈ ఒక్క అవకాశం.

అందుకే మొదటి సమావేశంలోనే, భయపడుతూనే, ఒక సలహా ఇచ్చింది. సెకనుకొక వరుస, అందులో సమయం, నీటి ఎత్తు, వేడి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రాసింది మిగులుతుంది. సాదా అక్షరాలు కనుక ఎవరైనా చదువుకోవచ్చు.

ఈ చివరి మాటే కొంప ముంచింది. ఎవరైనా చదివేస్తే ఇక నిపుణులు దేనికని ఫార్మాట్ ఎంపిక ఉపసంఘంలో ఒకాయన వాపోయాడు. మరొకాయన తన సొంత ఫార్మాట్ తెచ్చాడు. అది ఎంత భద్రమంటే రాసినాయనకు కూడా తెరుచుకోలేదు. చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి.

చివరికి డైరెక్టరు గారు లేచి, "కొలత అనాథ కాకూడదు. దానికి పైన పెద్దలుండాలి" అన్నారు. దాంతో ప్రతి కొలతకూ ముందుగా వారి సందేశం, ఆపైన ఇరవై ముగ్గురు సభ్యుల పేర్లు, డిగ్రీలు, ఫొటోలు హోదా వారీగా రావాలని, అన్నిటికన్నా కింద ఆ అంకె ఉండవచ్చని తీర్మానించారు.

యంత్రాలు చూసే మెకానిక్ మర్నాడు కొలతలమ్మ దగ్గరికొచ్చి కూలబడ్డాడు.

"అక్కా, ఒక్క కొలత రాయడానికి మన యంత్రానికి పది నిమిషాలు పడుతోంది."

"ఊట ఉండేది తొమ్మిదే కదయ్యా. పెద్దాయనకు చెప్పావా?"

"చెప్పాను. ఇంకో నిమిషం ఉండేలా చూడమన్నారు."

ఫార్మాట్ ఖరారైన మూడో వారం, భోజనాల వేళ, నేల గుర్రుమంది. యంత్రం శ్రద్ధగా డైరెక్టరు గారి సందేశంతో మొదలుపెట్టింది. కొలతలమ్మ చేతికందిన సెలవు కాగితం తిరగేసి, పెన్సిల్ పుచ్చుకుని బయటికి పరుగెత్తింది. ఊట పక్కనున్న గీతల స్తంభం చూస్తూ, ముఖాన ఆవిరి కొడుతున్నా తల తిప్పకుండా రాసింది. నీరు ఇరవై ఆరో గీత దాటేసరికి లోపల యంత్రం పదకొండో సభ్యుడి డిగ్రీల్లో ఉంది. తొమ్మిది నిమిషాలయ్యాయి. నీరు దిగిపోయింది. మరో నిమిషానికి ఫైల్లో కొలత పడింది: సున్నా.

ఆమె కాగితం తీసుకెళ్లి బల్లమీద పెట్టింది. డైరెక్టరు గారు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది ఏ ఫార్మాట్ అమ్మా?"

"పెన్సిలండీ."

"మన జాబితాలో లేదు కదమ్మా" అని నొచ్చుకుని, తిరిగి ఇచ్చేశారు.

ఒక్క తప్పు కూడా లేదని యంత్రం రాసిన ఫైలుకు ఆ ఏడాది ఉత్తమ పురస్కారం వచ్చింది. ఇప్పటికి నాలుగు వేల మంది విజ్ఞులు దాన్ని తెరిచి, ఫొటోలు చూసి, అద్భుతమని రాసి మూసేశారు. పెన్సిల్ కాగితం కొలతలమ్మ దగ్గరే ఉంది. దాన్ని చదవడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు కనుక ఎవరూ అడగలేదు.