ఖడ్గం బండికి బురద

ఆదివారం ఉదయం ఆరు గంటలకు కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు కంపెనీవాళ్ళు వచ్చేలోగా బండికి కాస్త బురద పూయాలి. పూసి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో నిలబడాలి. నాలుగు గంటల టైముంది, బకెట్టుంది, మట్టి ఉంది. ఇంతోటి పనికి ఎవరి సాయమూ అక్కర్లేదనుకున్నాడు పాపం.

బురద ఎందుకో తెలియాలంటే ముందు ఆ బండి సంగతి చెప్పాలి. మూతి మీద ఖడ్గమృగం బొమ్మ ఉంటుంది కాబట్టి దాన్ని అందరూ ఖడ్గం బండి అంటారు. ఆ కంపెనీ పుట్టి అరవై ఏళ్ళు. మొదట్లో వాళ్ళు చేసింది బండ్లు కాదు, పొలాల్లో నీళ్ళు తోడే ఇంజన్లు. వాటిని గట్లూ పుట్టలూ దాటించి పొలానికి చేర్చే బండి ఎక్కడా దొరక్క, విసుగెత్తిపోయి, ఒకరోజు ఇంజనుకే నాలుగు చక్రాలు తగిలించారు. అది ముందుకు కదిలింది. కదిలిందే చాలనుకుని అమ్మేశారు. మొదటి రకానికి తలుపుల్లేవు. కొన్నవాళ్ళు గొణిగితే రెండో రకానికి తలుపులు పెట్టి అద్దాలు మానేశారు. మూడో రకానికి అన్నీ పెట్టారుగాని, వానొస్తే లోపల కూర్చున్నవాళ్ళు కూడా గొడుగు వేసుకోవలసి వచ్చేది. అయినా సరే, కొన్నవాడెవడూ దాన్ని ఎవరిచేతా పల్లెత్తు మాట అననివ్వడు.

ఈ యజమానులకు ఒక సంఘం ఉంది. అందులో బురదే హోదా. ఏ కొండో కోనో తిరిగొచ్చినవాడు వారం రోజులపాటు బండి కడగడు. ఎండిన మట్టితోనే ఊరంతా తిరిగి, నెలకోసారి జరిగే సమావేశానికి కూడా అలాగే వస్తాడు. ఎవరి బండి మీద ఎంత మందాన మట్టి ఉంటే అక్కడ వాళ్ళ మాట అంతగా చెల్లుతుంది. మన కళ్ళజోళ్ళాయన బండి మీద మాత్రం ఇరవై రెండేళ్ళుగా దుమ్ము కూడా వాలలేదు. ఆయన వృత్తి అటువంటిది. పొద్దస్తమానం దుకాణంలో కూర్చుని జనం కళ్ళజోళ్ళను ఊది, తుడిచి, వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ తుడిచే మనిషి. అదే మెత్తటి గుడ్డ జేబులో వేసుకుని ఇంటికొచ్చి బండిని తుడుస్తాడు. ప్రతి ఆదివారం మైనం పాలిష్ పట్టించి, తారురోడ్డు మీద పెట్రోలు బంకుదాకా నడిపి, దారిలో నీళ్ళగుంట కనబడితే చుట్టుతిరిగి, ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టి దుప్పటి కప్పుతాడు. ఎక్కడికైనా పోగలదని కంపెనీ చాటింపు వేసిన బండి బంకు దాటి పోయిన పాపాన పోలేదు.

తంటా అంతా ఆ షెడ్డు దగ్గరే వచ్చింది. ఆయన భార్య బట్టలు కుడుతుంది. ముందుగదిలో మూడు మిషన్లు, పని నేర్చుకునే నలుగురు అమ్మాయిలు, కుప్పలుగా గుడ్డలు. అన్నం కలుపుకుంటే వేళ్ళకు దారప్పోగులు చుట్టుకుంటాయి. ఆ షెడ్డు ఇస్తే మిషన్లు అక్కడ పెట్టుకుంటానని ఆవిడ పదేళ్ళుగా అడుగుతోంది, ఆయన పదేళ్ళుగా నీళ్ళు నములుతున్నాడు. ఇంతలో కంపెనీవాళ్ళు అరవై ఏళ్ళయిన సందర్భంగా తమ చరిత్రతో, యజమానుల అనుభవాలతో ఒక పుస్తకం వేస్తామని, ఉత్తరాలు పంపమని ప్రకటించారు. ఆయనకు ఎక్కడలేని ఊపు వచ్చింది. సమావేశాల్లో విన్న కథలన్నీ తనకే జరిగినట్టు పదకొండు పేజీలు రాశాడు. పొంగుతున్న ఏటికి ఎదురెళ్ళడం, ఏనుగుల మంద మధ్య ఇంజను ఆగిపోవడం, కొండచరియ మీద ఒక చక్రం గాలిలో ఉండగా బీడీ వెలిగించుకోవడం. బీడీ ఆయన జన్మలో ముట్టింది లేదు. రాసి ఊరుకోక భార్యకు చదివి వినిపించాడు. ఆవిడ చివరిదాకా విని, సూదిలో దారం ఎక్కిస్తూ, ఒక్కటే మాట అంది.

"ఇది అచ్చయితే బండి షెడ్డులోనే ఉంచుకోండి, ఇంక ఈ జన్మలో అడగను. అచ్చు కాకపోతే అది వెళ్ళిపోవాలి, నా మిషన్లు రావాలి. సరేనా?"

సరే అనక ఏం చేస్తాడు. పోస్టు చేయమని ఉత్తరం ఆవిడ చేతికే ఇచ్చాడు. మూడు వారాలకు జవాబొచ్చింది. ఆదివారం ఉదయం పది గంటలకు తమ ప్రతినిధులు వాహనాన్ని స్వయంగా చూడటానికి వస్తున్నారని అందులో ఉంది. ఎందుకు చూస్తారో లేదు. తనిఖీకే వస్తున్నారని ఆయన నిర్ణయానికి వచ్చేశాడు. ఏర్లూ ఏనుగులూ దాటొచ్చిన బండి పెళ్ళికూతురిలా మెరుస్తూ ఎదురొస్తే ఏమనుకుంటారు? ఉత్తరం బుట్టలో పడుతుంది, బండి గడప దాటుతుంది. అది లేని ఆదివారం ఎలా ఉంటుందో ఆయన ఊహకే అందలేదు.

అదిగో, అందుకే బురద. పూలకుండీల్లో మట్టి తీసి, బకెట్టులో కలిపి, రెండు చేతులతో బండి మీద చల్లాడు. ఇరవై రెండేళ్ళ మైనం ఊరికే పోతుందా? చల్లిన మట్టి చల్లినట్టే జారి కింద పడింది. ఇంకాస్త చిక్కగా కలిపాడు. అదీ జారింది. దుకాణం నుంచి తెచ్చిపెట్టుకున్న జిగురు సీసా గుర్తొచ్చి దాన్నీ అందులో పోశాడు. ఈసారి బురద చక్కగా అంటుకుంది, ఆయన చేతులకు. మోచేతులదాకా అట్టకట్టిన చేతులతో ఆయన నిలబడి ఉండగా బావమరిది వచ్చాడు.

బావమరిది పొక్లెయిన్ నడుపుతాడు. ఊరి చివర పైపులు వేయడానికి గోతులు తవ్వుతున్నాడు కాబట్టి బురద గురించి అతనికి తెలియనిది లేదు. కాసేపు చేతులు కట్టుకుని చూసి, "ఏంటి బావా, బండిని అలుకుతున్నావా?" అన్నాడు. విషయమంతా విన్నాక జాలిపడ్డాడు. చేత్తో పూసిన బురద చంటిపిల్లాడికైనా తెలిసిపోతుందని, దాన్ని చక్రం చిమ్మాలని, తన పనిచోటుకు వస్తే పావుగంటలో అసలు సిసలైన బురద పట్టిస్తానని భరోసా ఇచ్చాడు. ఈ సంగతి అక్క చెవిన పడకూడదని ఒట్టు కూడా వేశాడు.

ఏడు గంటలకు అక్కడికి చేరారు. గోతుల పక్కన మోకాలి లోతు బురదమడుగు, చూడముచ్చటగా ఉంది. ఆ బండికి మామూలు గేరు కర్ర పక్కన ఇంకో పొట్టి కర్ర ఉంటుంది. దాన్ని లాగితేనే నాలుగు చక్రాలూ కలిసి తిరుగుతాయి, లేకపోతే వెనక రెండే. షోరూంలో దానికి కట్టిన చీటీ ఇంతవరకు విప్పలేదు. ఆయన ఆ చీటీ ఇప్పుడు విప్పి, మడతపెట్టి జేబులో పెట్టుకుని, కర్రను లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. ఇరవై రెండేళ్ళు ఎవరూ పలకరించని కర్ర బిగుసుకుపోయింది. వెనక రెండు చక్రాలు చాలులే అని బావమరిది ధైర్యం చెప్పాడు. చాలలేదు. బండి మడుగు మధ్యదాకా హుందాగా వెళ్ళి అక్కడే కూర్చుంది.

బావమరిది దిగి వెనకనుంచి నెట్టాడు. చక్రాలు గిర్రున తిరిగి బురదంతా అతని మీదే చిమ్మాయి. అతను తల నుంచి కాలిదాకా మట్టిబొమ్మ అయ్యాడుగాని బండికి ఒక్క చుక్క అంటలేదు. కళ్ళజోళ్ళాయన దిగి చూడబోతే కుడికాలి చెప్పు బురదలోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఇటుకల బట్టీ నుంచి వెళ్తున్న ట్రాక్టరతన్ని బతిమాలి తాడు కట్టించారు. ట్రాక్టరు లాగింది, ముందు బంపరు ఊడి దాని వెంట వెళ్ళింది. ట్రాక్టరతను బండే వస్తోందనుకుని వెనక్కి చూడకుండా మలుపుదాకా పోయాడు. అతన్ని కేకలు వేసి పిలిచి బంపరు తెచ్చుకునేసరికి ఎనిమిదిన్నర.

ఇక తన పొక్లెయినే దిక్కన్నాడు బావమరిది. వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఆయన్ని లోపల కూర్చోబెట్టి, వెనకనుంచి తొట్టితో సున్నితంగా ఎత్తుతానన్నాడు. తొట్టి పళ్ళు వెనక తలుపులో దిగబడ్డాయి. తలుపు అప్పడంలా నొక్కుకుపోయింది. అది చూసి కంగారుపడి అతను ఇంకాస్త ఎత్తేసరికి బండి ముక్కు మీద నిలబడి, ఆయన లోపలుండగానే, మడుగులోంచి పక్కనున్న గోతిలోకి జారింది. బురద ముందు అద్దం మీదుగా పైకప్పు దాకా ఎగసిపడింది. లోపల సీట్ల మీదికీ వచ్చింది. కళ్ళజోళ్ళాయన స్టీరింగు పట్టుకుని గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూస్తే ఆ కుదుపుకి పొట్టి కర్ర దానంతటదే వెనక్కి వచ్చి ఉంది.

చావుకు తెగించి తాళం తిప్పాడు. ఇంజను పొలంలో నీళ్ళు తోడినట్టు దబదబమంటూ లేచింది. నాలుగు చక్రాలూ గోతి గోడను పట్టుకుని, మట్టిని పెళ్ళలు పెళ్ళలుగా రాలుస్తూ, బండిని గట్టు మీదికి ఎక్కించాయి. ఆగితే మళ్ళీ దిగబడుతుందని ఆయన ఆపలేదు. ఆ గట్టు దిగాడు, ఇంకో గట్టెక్కాడు, తలకాయ పైకప్పుకు రెండుసార్లు కొట్టుకుంది. గోతుల చుట్టూ మూడుసార్లు తిరిగాక గాని తాను నవ్వుతున్నానని ఆయన గమనించలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ బండి తనకు ఇంత సంతోషం ఎప్పుడూ ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు. అప్పుడే ఫోను మోగింది. కంపెనీవాళ్ళు గంట ముందే వచ్చేశారని, బండేదని అడుగుతున్నారని భార్య చెప్పింది. ఆవిడ గొంతు ఎందుకో మామూలుగా లేదు.

స్నానమూ ఇస్త్రీ చొక్కా అటుంచి, ఒంటి చెప్పుతో, బంపరు వెనక సీట్లో పడేసుకుని, పక్కన మట్టిబొమ్మలాంటి బావమరిదితో ఆయన ఇంటి ముందు దిగాడు. గుమ్మం దగ్గర ఒక అధికారిణి, ఫైలు పట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. ఆమె చేతులకు తెల్లని నూలు తొడుగులున్నాయి. వీధిలో మెత్తటి పరుపులు పరిచిన పెద్ద లారీ ఒకటి ఆగి ఉంది. ఇవన్నీ ఎందుకో ఆయన ఆలోచించలేదు. బండి మీద చెయ్యి వేసి, ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుందని, తిరిగే బండి కదా అని గర్వంగా చెప్పాడు. అధికారిణి బండిని ఒకసారి, తొడుగుల్ని ఒకసారి చూసుకుని, వాటిని మెల్లగా ఊడదీసి సంచిలో పెట్టేసింది. పెద్దాయన మెట్టు మీద కూలబడ్డాడు.

"మీ ఇంటినుంచి మాకు ఒకే కవర్లో రెండు ఉత్తరాలొచ్చాయండీ," అంది అధికారిణి. "మేం వచ్చింది రెండోదాని కోసం."

రెండోది ఆయన భార్య రాసింది, నాలుగే వాక్యాలు. మా వారి బండి ఇరవై రెండేళ్ళలో తారురోడ్డు దిగలేదు, సీట్లకు షోరూం కవర్లు అలాగే ఉన్నాయి, పొట్టి కర్ర చీటీ ఇంకా విప్పలేదు, మీకేమైనా పనికొస్తే తీసుకెళ్ళండి. ఆ బండి కొన్న ఏడాది తయారైన బండ్లు ఎక్కడికైనా పోతాయని కంపెనీ చెప్పుకుంది. కొన్నవాళ్ళు నమ్మి ఎక్కడికి పడితే అక్కడికి పోయారు. దాంతో ఒక్కటీ చెక్కుచెదరకుండా మిగల్లేదు, కంపెనీ దగ్గర కూడా లేదు. ఇదొక్కటే ఉందని తెలిసి, తమ ప్రదర్శనశాలలో దీనికోసం ప్రత్యేకంగా అద్దాల గది కట్టించారు. ఇవాళే తీసుకెళ్ళాలని వచ్చారు. పెద్దాయన నొక్కుకుపోయిన తలుపును చూసి, నిన్న వచ్చినా సరిపోయేదని గొణిగాడు.

కళ్ళజోళ్ళాయన లెక్క వేసుకున్నాడు. పొద్దున బురద పూయడానికి పూనుకోకపోతే ఈపాటికి తన బండి అద్దాల గదికి పోయేదన్నమాట. లోలోపల పొంగిపోతూ, పైకి బాధ నటిస్తూ, మరి మొదటి ఉత్తరం సంగతేమిటని అడిగాడు. అది చాలా బాగుందని అధికారిణి ఒప్పుకుంది. కాకపోతే అందులోని తొమ్మిది సాహసాలనూ తొమ్మిదిమంది యజమానులు ఫోటోలతో సహా ముందే పంపించారట. బీడీ వెలిగించుకున్నాయన ఆ బీడీ ముక్క కూడా జతచేశాడట.

అంటే అచ్చు కాదు. పందెం పోయింది. భార్య ఏమంటుందోనని ఆయన తలెత్తలేకపోయాడు. ఆవిడ మాత్రం తమ్ముణ్ణి పట్టుకుని అసలు పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పమని నిలదీసింది. ఒట్టు వేసినవాడు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. జిగురు నుంచి గోతిదాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. బంపరు ట్రాక్టరు వెంట వెళ్ళిన దగ్గర పెద్దాయన ఫైలు కింద పడేసి నవ్వాడు. అధికారిణి కళ్ళు తుడుచుకుంది. ఆయన భార్య నవ్వలేదు, భర్త మొహం కేసే చూస్తూ ఉంది. కనుబొమల దాకా మట్టి, ఆ మట్టిలో ఇంకా పోని నవ్వు. ఈ మనిషి ఇంత హాయిగా ఉండగా చూసి ఎన్నేళ్ళయిందో ఆవిడకు లెక్క తేలలేదు. కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు.

"షెడ్డు నాది," అంది చివరికి. "బండి ఉంటే ఉండనివ్వండి. వీధిలో."

"వాన పడితే?" అన్నాడాయన.

"తడుస్తుంది."

గోతిలో మునిగి లేచిన బండికి వానంటే భయమని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? అధికారిణి వెళ్తూ వెళ్తూ ఆవిణ్ణి పక్కకు పిలిచి, ఇప్పుడు విన్నదంతా ఉన్నదున్నట్టు రాసి పంపమంది. ఆవిడ బట్టల కొలతలు రాసుకునే పుస్తకంలోంచి కాగితాలు చింపి, ఆ సాయంత్రమే రాసింది. మరుసటి వారానికి మిషన్లు షెడ్డులోకి మారాయి. ఆదివారాల్లో కళ్ళజోళ్ళాయన బావమరిదిని ఎక్కించుకుని బంకు దాటి వెళ్ళడం మొదలుపెట్టాడు. నొక్కు పడిన తలుపు బాగుచేయిస్తానంటే సంఘంవాళ్ళు ఒప్పుకోలేదు.

పుస్తకం అచ్చయి వచ్చింది. ఆ అనుభవం మొదటి పేజీలోనే ఉంది, కింద యజమాని అన్నచోట ఆయన భార్య పేరు ఉంది. అది అచ్చుతప్పని, వెంటనే సవరించాలని ఆయన కంపెనీకి ఉత్తరం రాశాడు. అన్నీ విచారించామని, తప్పేమీ దొర్లలేదని జవాబొచ్చింది.