కాయ ఎండాక

సోమవారం మొహిద్దీన్ బాషా పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున ఆరున్నర బస్సుకు జొన్నెపాడు వెళ్లాలి. పంచాయతీ ఖాళీ స్థలంలో ఆస్పత్రికి ముగ్గు పోయాలి. భోజనాల వేళకు గుంటూరు తిరిగి రావాలి.

బ్రాడీపేటలో మేడమీద గదికి 'ఆర్కిటెక్టు' అని బోర్డు తగిలించి రెండేళ్లయింది. మద్రాసులో అయిదేళ్లు చదివిన చదువది. ఈ రెండేళ్లలో మెట్లెక్కి వచ్చినవాళ్లలో ఒకాయన సైకిలు షాపుకు బోర్డు రాసిపెట్టమన్నాడు. ఇంకొకాయన పోయిన తండ్రి బొమ్మ గీయమన్నాడు. నిజంగా ఇల్లు కట్టుకోబోయే బట్టల వర్తకుడు ఒకాయన మాత్రం ప్లానంతా ఓపిగ్గా చూశాడు. చూసి, "బాగుంది నాయనా. గోడ కట్టేది మేస్త్రి, ఇటుకలు మోసేది కూలీలు, లోపల ఉండేది నేను. మధ్యలో నువ్వు చేసేదేంటి?" అని అడిగాడు. అడిగి, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

తల్లి జానీబీ రంజాను దాకా గడువిచ్చింది. అప్పటికి ఒక్క కట్టడమైనా లేవకపోతే, మేనమామ అలీ సాహెబ్ పత్తి మిల్లులో గుమాస్తాగా చేరాలి. అలాంటి సమయంలో జొన్నెపాడు ప్రెసిడెంటు కోటిలింగం దేవుడు పంపినట్టు వచ్చాడు. ఆ ఊరికి బస్సు రోజుకు ఒక్కసారే. నొప్పులొచ్చి గుంటూరు రావాలంటే ఎడ్లబండిలో పద్నాలుగు మైళ్లు. ఆరు పడకల కాన్పుల ఆస్పత్రిని పంచాయతీ సమితివాళ్లు మంజూరు చేశారు. శుక్రవారం సమితి ఇంజనీరు వచ్చేసరికి పునాది గుంటలు తవ్వి ఉండాలి. లేకపోతే ఆస్పత్రి వేరే ఊరికి పోతుంది.

"శంకుస్థాపన దాకా ఎవరికీ చెప్పబాకండి బాషాగారూ. పక్కూరోళ్లకి తెలిస్తే ఎత్తుకుపోతారు," అని ప్రెసిడెంటు మరీ మరీ చెప్పాడు.

బాషా ఎవరికీ చెప్పలేదు. తాడు పట్టి, మేకులు కొట్టి, పిడుగురాళ్ల సున్నంతో గీతలు పోశాడు. గోడకు రెండేసి గీతలు, వాకిలి ఉన్నచోట ఖాళీ. కొలతలు అంగుళం తప్పలేదు. మిరపచేల నుంచి గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న కొండమ్మ అనే ఆవిడ ఆగి చాలాసేపు చూసింది.

"ఈ పెద్దది ఎవరికయ్యా?"

"ఆడవాళ్లకమ్మా."

"ఎంతమందికి?"

"ఆరుగురికి."

"ఎన్నాళ్లు ఉండొచ్చు?"

"వారం, పది రోజులు. ఎవరూ కదిలించరు."

"డబ్బులేవన్నా కట్టాలా?"

"పైసా అక్కర్లేదు."

కొండమ్మ గంప దించింది. "మరి ఆ మూలనున్న చిన్నది?"

అది పురిటిగది. బాషాకు ఇరవై ఆరేళ్లు, ఇంకా పెళ్లి కాలేదు. పరాయి ఆడమనిషి ముందు పురుడు అనే మాట నోటికి రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "అది అన్నిటికంటే ముఖ్యమైందమ్మా. గాలీ వెలుతురూ బాగా తగలాలి. ఎవరికి తొందరైతే వాళ్లకి," అని తాడు చుట్టుకుని బస్సుకు పరిగెత్తాడు.

ఆ స్థలంలో ఏటా మిరపకాయ ఎండబోసే కల్లాలకు పంచాయతీవాళ్లు గళ్లు గీసిస్తారని అతనికి తెలియదు. ఈసారి ఇంకా గీయలేదని ఊరంతా తిట్టుకుంటున్నదనీ తెలియదు. ఆ ఊళ్లో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కాయ పరిచినవాళ్లదే ఆ గడి. కాయ ఎండి గలగలమనేదాకా దాన్ని ప్రెసిడెంటు కూడా కదిలించకూడదు.

బుధవారం పొద్దున వెంకయ్య మేస్త్రినీ, పదిమంది కూలీలనూ, పలుగూ పారలనూ వెంటబెట్టుకుని బాషా వచ్చాడు. ఆస్పత్రి ఎర్రగా ఉంది. ఆరు పడకల వార్డులో ఆరుగురు ఆడవాళ్లు ఎండకు కాయ పరిచి నెరుపుతున్నారు. మందుల గదిలో మిషను బడి పంతులు జక్రయ్య తాలు కాయలు ఏరుతున్నాడు. పురిటిగది కొండమ్మది.

బాషా కంగారుగా గీత దాటి లోపలికి అడుగువేశాడు.

"ఓ సాయిబూ! వాకిలుండగా గోడెక్కి వస్తావేందయ్యా?" అని కొండమ్మ అరిచింది.

బాషా వెనక్కి వెళ్లి వాకిట్లోంచి వచ్చాడు. రెండేళ్లుగా తను గీసిన వాకిట్లోంచి ఒక మనిషి నడవడం అతను చూడలేదు. ఇప్పుడు చూస్తే అందరూ వాకిళ్లలోంచే నడుస్తున్నారు. ఒక్కొక్క వాకిలినీ చూస్తూ నిలబడ్డాడు. అంతలో కాయ ఘాటుకు తుమ్ములు వచ్చాయి.

తుమ్ములు తగ్గాక అతను నిజం చెప్పేశాడు. "ఇది ఆస్పత్రమ్మా. కాన్పుల ఆస్పత్రి. శుక్రవారం లోపల గుంటలు తవ్వకపోతే మనకు రాదు."

అందరూ ఏరడం ఆపారు. కొండమ్మ కళ్లొత్తుకుంది. అది ఏడుపో, కాయ ఘాటో తెలియలేదు. "పురిటి నొప్పులతో మా అక్క బండిలోనే పోయిందయ్యా. ఆస్పత్రి రావాల్సిందే. తప్పకుండా కట్టండి. కాయ ఎండాక కట్టండి."

"అంతేనండీ," అన్నాడు జక్రయ్య పంతులు. "ఆస్పత్రికి అడ్డం చెప్పేంత మూర్ఖులం కాదు. పది రోజులు ఆగండి. ఎవరూ కదిలించరని మీరే చెప్పారంట కదా?"

వెంకయ్య మేస్త్రి చుట్ట వెలిగించాడు. "ముప్పయ్యేళ్లుగా ఇళ్లు కడుతున్నాను బాషాగారూ. ఏనాడూ కాయితం మీద గీయలా. గీస్తేనే కదా జనానికి తెలిసేది!"

బాషా ధైర్యం తెచ్చుకుని, పక్కనున్న ఖాళీలో అదే ఆస్పత్రికి మళ్లీ ముగ్గు పోయడం మొదలుపెట్టాడు. ఒక గది పూర్తయ్యేలోపల వెనకనుంచి గంపలు వచ్చేవి. ఒక ముసలావిడ, "ఇంకాస్త వెడల్పు చెయ్యి నాయనా, మాది ఎకరన్నర," అని బతిమాలింది. మధ్యాహ్నానికి జొన్నెపాడులో రెండు ఆస్పత్రులు నిండిపోయాయి. సున్నం వాడితేనే ఈ తంటా అని, మూడోసారి ఉత్త మేకులతో, తాడుతోనే కొలిచాడు. టీ తాగి వచ్చేసరికి మేకుమేకుకూ ఒక గేదె కట్టేసి ఉంది.

ఇక లాభం లేదని ప్రెసిడెంటు ఇంటికి పరిగెత్తాడు. కోటిలింగం అంతా విని మండిపడ్డాడు. "నే వచ్చి చెబుతానుండండి! ఆస్పత్రి ముఖ్యమా, కాయ ముఖ్యమా?" అని తువ్వాలు దులుపుకుని బయల్దేరాడు. స్థలం దగ్గరికి వచ్చి, డాక్టరు గది ముందు ఆగి, మెల్లగా అన్నాడు. "ఇది మా ఆవిడ పోయించింది బాషాగారూ. రెండు పుట్ల కాయ. ఇప్పుడెత్తితే రంగు పోద్ది."

గురువారమంతా బాషా వాకిళ్లలోంచి లోపలికీ బయటికీ తిరిగాడు. ఒక్కొక్కరినీ బతిమాలాడు. అందరూ ఒప్పుకున్నారు. అందరూ ముందు పక్కవాళ్లని ఎత్తమన్నారు. కూలీలు వచ్చిన దానికి ఏదో ఒకటి చెయ్యాలని కాయ ఏరి పెట్టి వెళ్లారు.

శుక్రవారం పదింటికి జీపు వచ్చింది. సమితి ఇంజనీరు దిగి గీత తొక్కబోతే ఆరుగురు ఆడవాళ్లు ఒక్కసారి కేకేశారు. ఆయన వాకిలి వెతుక్కుని లోపలికి వచ్చాడు. గది గదీ తిరిగాడు. తుమ్మాడు. జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని, "ఈ లేఅవుటు ఎవరిది?" అని అడిగాడు.

"నాదేనండి," అన్నాడు బాషా. అతను ప్లాను విప్పబోయాడు.

"నడవడానికి దారి, గాలికి ఖాళీ, ఆడవాళ్లకు వేరే చోటు. ఇరవై ఊళ్లు తిరిగాను, ఇంత పద్ధతైన కల్లం చూళ్లేదయ్యా!"

"అది కల్లం కాదండి. ఆస్పత్రండి. ఇది వార్డు, ఇది..." కొండమ్మ అక్కడే ఉంది. అయినా ఈసారి అతను గట్టిగానే అన్నాడు. "ఇది పురిటిగదండి!"

ఇంజనీరు గుంటల కోసం చుట్టూ చూశాడు. గేదెలు కనిపించాయి. "ఆస్పత్రి పని మొదలు కాలేదు. నేను కంటితో చూసిందే రాయాలి. కల్లాలకు రాతి చప్టా స్కీము ఒకటుంది, మార్చి లోపల ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలి. ఇక్కడ లబ్ధిదారులంతా వచ్చి కూర్చునే ఉన్నారు. ఆ ప్లాను ఇలా ఇవ్వండి."

బాషా ఇవ్వలేదు. ఇంజనీరే తీసుకుని, 'ఆస్పత్రి' అన్నచోట కొట్టేసి, 'కల్లం' అని రాసి సంతకం పెట్టాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ప్రెసిడెంటు అందరికంటే గట్టిగా కొట్టాడు.

మే నెలాఖరుకు నాపరాళ్ల చప్టా పూర్తయింది. వెంకయ్య అంగుళం తేడా రానివ్వలేదు. సమితివాళ్లు దాన్ని మాదిరి కల్లమని ఊరూరా చెప్పారు. ఆ ఏడు బాషాకు పదకొండు ఊళ్లనుంచి పని వచ్చింది. మెట్ల మీద జనం వరసగా కూర్చున్నారు. పత్తి మిల్లు మాట జానీబీ ఇక ఎత్తలేదు. పదకొండు ఊళ్లలోనూ అతను వార్డూ, మందుల గదీ, పురిటిగదీ ఉన్న ఆ ఒక్క ప్లానే గీసిచ్చాడు. వేరేది ఎవరూ అడగలేదు. గోడలు కావాలని ఒక్కరూ అనలేదు.

మరుసటి ఏడు కాయ కోతల్లో, చప్టాకు పగుళ్లు వచ్చాయని కబురొస్తే బాషా జొన్నెపాడు వెళ్లాడు. అతను రాళ్లు తట్టి చూస్తుండగా కొండమ్మ ఇంటి ముందు ఎడ్లబండి కట్టారు. ఆమె కోడలికి నొప్పులు మొదలయ్యాయి. బండి చప్టా పక్కనుంచి గుంటూరు రోడ్డెక్కింది. బండిలోంచి కొండమ్మ తల బయటపెట్టి అరిచింది. "సాయిబూ, మబ్బు పట్టింది! మా గదిలో కాయ కాస్త చూస్తుండయ్యా!"

అతను ఆ రోజంతా పురిటిగదిలో నిలబడి కాయ మీద గోనెపట్టాలు కప్పాడు, తీశాడు, మళ్లీ కప్పాడు.

మూడోనాడు బండి తిరిగొచ్చింది. కోడలు బతికింది, బిడ్డ దక్కలేదు.

కాయ మాత్రం ఒక్కటి కూడా తడవలేదు.