ఐదు స్టూళ్లు, ఆరు గంటలు

"పన్ను," అన్నాడు భర్త, పొద్దున్నే కాఫీ కప్పు పక్కకు నెట్టి.

"గడువు ఇంకా నెల ఉందిగా, కట్టేద్దాం లెండి," అంది ఆవిడ.

"కట్టేది కాదే. పీకేది."

అప్పుడు తలెత్తి చూసింది. ఆయన కుడి చెంప బంతిలా ఉబ్బి ఉంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఒక్క పూటలో ఇన్ని మాటలు మాట్లాడినట్టు ఆవిడకు గుర్తులేదు. పేటలో అందరూ ఆయన్ని మౌని అనే పిలుస్తారు. వీధి మలుపులో ఆయనకొక పాత బారుంది. బారంటే మరీ బార్లా తెరుచుకునేంతది కాదు. బారెడు గది, మోచేతుల రాపిడికి నున్నబడ్డ చెక్క కౌంటరు, మొహం చూసుకుంటే పదేళ్లు పెద్దగా చూపించే మచ్చల అద్దం, దాని ముందు ఐదు స్టూళ్లు. పాటలుండవు, టీవీ ఉండదు. అల్లం సోడాకి అల్లం అక్కడే దంచుతారు. బ్రాందీలో పోసే వేడినీళ్లలో లవంగం అక్కడే వేస్తారు. ఒకసారి అలవాటు పడ్డవాడు ఇంకో బారుకు వెళ్తే, అత్తగారింట్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు.

ఆ బారు మీద బావగారి కన్ను పడింది. ఆ గదిలో అన్నదమ్ములిద్దరికీ సమాన వాటా. మౌని అన్నగారు కిందటివారం వచ్చి, "అక్కడికి మనిషన్నవాడు వస్తున్నాడా అసలు? గురువారం ఆరింటికి వచ్చి చూస్తా. ఐదు స్టూళ్ల మీద ఐదుగురు కనబడితే సరే. ఒక్కటి ఖాళీ ఉన్నా అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టాల్సిందే," అని తేల్చేశాడు.

ఇవాళే గురువారం. బారు తెరిచేది నాలుగింటికి, పళ్ల డాక్టరు రమ్మన్నదీ నాలుగింటికే.

"మీరెళ్లి పన్ను సంగతి చూసుకోండి, బారు సంగతి నేను చూస్తా," అంది ఆవిడ, నడుం బిగించి. "రోజూ వచ్చే ఆ ఐదుగుర్నీ ఆరింటిదాకా కదలకుండా కూర్చోబెట్టే పూచీ నాది. ఎవరికేం పొయ్యాలో రాసివ్వండి, చాలు."

మౌని చీటీ రాసిచ్చాడు. రాతలోనూ మౌనమే. ఒకటి, బీరు. రెండు, వేడినీళ్ల బ్రాందీ. మూడు, నిమ్మకాయ జిన్ను. నాలుగు, రమ్ము. ఐదు, అల్లం సోడా. అంతే.

పీటముడి పడింది అక్కడే. ఎవరి స్టూలు వారిది, అందులో మార్పు లేదు. కానీ మౌని లెక్క తలుపు దగ్గర మొదలవుతుంది. ఆవిడ కౌంటరు వెనక నిలబడి, చదువుకున్న మనిషి కనుక, ఎడమనుంచి కుడికి లెక్కపెట్టింది. ఆవిడ ఎడమ చేతివైపు ఉన్నది తలుపు కాదు, గోడ.

నాలుగున్నరకల్లా ఐదుగురూ వచ్చేశారు. తలుపు పక్కన దర్జీ, తర్వాత లెక్కల మాస్టారు, నడుమ పోస్ట్‌మ్యాన్, అవతల సెలూనాయన, గోడవారగా రిటైరైన రైల్వే గార్డుగారు.

"మౌని ఏడీ, వదినా?" అన్నాడు దర్జీ.

"పన్ను పనిమీద వెళ్లారు. మీకేం ఇవ్వాలో అన్నీ ఆలోచించి రాసి మరీ వెళ్లారు," అంది ఆవిడ ధీమాగా. 'ఆలోచించి' అన్నది ఆవిడ సొంత కవిత్వం.

ఆ బారులో ఒక ఆనవాయితీ ఉంది. ఆవిడకు తెలియదు. మౌని ఎవరి గ్లాసూ ఊరికే మార్చడు. మార్చాడంటే అది కబురే. రెండేళ్ల కిందట గార్డుగారి ముందు బీరు బదులు అల్లం సోడా పెట్టాడు, మాటా పలుకూ లేకుండా. డాక్టరు తన మందు మాన్పించమని భార్యతో చెప్పాడని గార్డుగారికి అలాగే తెలిసింది. గోడ తగాదాతో మాటల్లేని, అప్పట్లో వచ్చే ఇద్దరు అన్నదమ్ములకు ఒకసారి ఒకరి గ్లాసు ఒకరికిచ్చాడు. వారం తిరక్కుండా గోడ కూలింది, కాపురాలు కలిశాయి. ఆనాటినుంచి అక్కడ గ్లాసు అంటే శాసనం.

ఇప్పుడు దర్జీ ముందు అల్లం సోడా వచ్చి కూర్చుంది. కుట్టేవాడికి ఇందులో కుట్రేమీ కనబడలేదు, రోగమే కనబడింది. సోమవారం రక్తపరీక్షకు ఇచ్చాడు, భయపడి రిపోర్టు తెచ్చుకోలేదు.

"అంటే... మౌనికి తెలిసిపోయిందా?" అని గొణిగి, సోడా ముట్టకుండా లేచాడు.

"కూర్చోండి, ఎక్కడికి?"

"ల్యాబుకి వదినా. ఏదైనా ధైర్యంగా వినాలి కదా," అంటూ తలుపు దాటాడు.

గార్డుగారి ముందు నురగలు కక్కుతూ బీరు నిలబడింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇది నాకేనా, తల్లీ?"

"మీకే బాబాయిగారూ."

"అయితే డాక్టరు చేతులెత్తేశాడన్నమాట. ఇక ఏం తాగినా ఒకటేనని." ఆయన మూడు గుక్కల్లో గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఫోను తీశాడు. "ఏమేవ్, పిల్లలందర్నీ పిలిపించు. నా నీలం చొక్కా ఇస్త్రీ చేయించు. ఎందుకా? వచ్చి చెప్తా. బండి బయల్దేరింది." ఫోను జేబులో వేసుకుని, "ఇంట్లో పోతే మర్యాదగా ఉంటుందమ్మా," అని పచ్చజెండా ఊపినవాడిలా చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

మాస్టారి ముందు సెలూనాయన రమ్ము, సెలూనాయన ముందు మాస్టారి బ్రాందీ. ఇద్దరికీ ఆర్నెల్లుగా మాటల్లేవు. మాస్టారి మీసంలో ఎడమవైపు బియ్యపుగింజంత ఎక్కువ కత్తిరించిన రోజునుంచి ఆయన మీసమూ పెంచలేదు, ఈయన రోషమూ తగ్గలేదు. గ్లాసులు చూసుకుని ఇద్దరూ పోస్ట్‌మ్యాన్ వీపు వెనకనుంచి మొహాలు చూసుకున్నారు.

"మౌని మాట కాదనలేను," అన్నాడు సెలూనాయన గొంతు సవరించుకుని. "రండి మాస్టారూ, గడ్డం గీస్తా."

"పద. ఈసారి స్కేలు నేను పట్టుకుంటా."

భుజాల మీద చేతులేసుకుని ఇద్దరూ బయటికి నడిచారు. "అయ్యో, ఆరింటిదాకా..." అన్న ఆవిడ మాట తలుపుకి తగిలి వెనక్కొచ్చింది.

మిగిలింది పోస్ట్‌మ్యాన్. సరిగ్గా మధ్యలో కూర్చున్న పాపానికి అతనొక్కడికే తన జిన్ను వచ్చింది. అతను మొహం వేలాడేసుకుని లేచాడు.

"తమ్ముడూ, నువ్వు కదిలితే కాళ్లు విరగ్గొడతా!"

"ఎందుకుండాలక్కా? అందరికీ కబుర్లొచ్చాయి. ఇరవయ్యేళ్లుగా ఊరందరికీ ఉత్తరాలు పంచినవాణ్ని, నాకొక్క ముక్క లేదు. ఎప్పటి జిన్నే!"

"ఏం కబుర్లు? ఎవరు పంపారు?"

అతను ముక్కు ఎగబీలుస్తూ ఆనవాయితీ అంతా చెప్పాడు. ఆవిడ చీటీ చూసింది, స్టూళ్లు చూసింది, తలుపు చూసింది. గడియారం ఐదూ నలభై చూపిస్తోంది. విచారించడానికి వ్యవధి లేదు.

"సైకిలెక్కు. నలుగుర్నీ లాక్కురా. పొరపాటు నాదని, తక్షణం రావాలని చెప్పు."

పోస్ట్‌మ్యాన్ దూసుకెళ్లాడు. అయితే కవరు ఇవ్వడమే తప్ప లోపలిది చదివే అలవాటు లేని మనిషి. మూడు గుమ్మాల ముందూ బెల్లు కొట్టి, "బారునుంచి అర్జెంటు! తక్షణం రావాలట!" అని మాత్రమే కేకేశాడు.

ఆరుకు పది నిమిషాలుండగా బావగారు వచ్చాడు. ఐదు ఖాళీ స్టూళ్లనూ వేలితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, కౌంటరు మీద కాగితాలు పరిచి, పెన్ను మూత తీశాడు.

"ఏమ్మా, నేను చెప్పలా? దయ్యాలు కూడా రావిక్కడికి."

"ఆరు కాలేదు బావగారూ."

"పది నిమిషాల్లో ఏం జరుగుతుంది?"

"పెన్నుకి మూత పెట్టండి. సిరా ఎండిపోతుంది," అంది ఆవిడ, ఖాళీ గ్లాసులు తుడిచి ఐదు స్టూళ్ల ముందూ వరసగా పెడుతూ. ఈసారి తలుపు దగ్గర్నుంచి.

ఇంకా రెండు నిమిషాలుందనగా వీధిలో శోకాలు వినబడ్డాయి. ముందు ఇస్త్రీ చొక్కాలో గార్డుగారు, వెనక భార్య, ఇద్దరు కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు. వాళ్లను తోసుకుంటూ విప్పని కవరుతో దర్జీ, అతని చెయ్యి వదలకుండా అతని భార్య. ఆ వెనక సగం మొహాన నురగతో మాస్టారు, కత్తితో సెలూనాయన. వాళ్ల వెనక రొప్పుతూ పోస్ట్‌మ్యాన్, చివరికి, దవడలో దూదితో మౌని. బారెడు గదిలో పదిహేడు మంది! బావగారు గోడకు అతుక్కుపోయాడు.

"మౌనీ, ఉన్నదున్నట్టు చెప్పు. ఎన్నాళ్లు?" అన్నాడు గార్డుగారు.

"ఊఁ?" అన్నాడు మౌని.

"చూశారా, చెప్పలేకపోతున్నాడు!" అని పెద్ద కూతురు ఘొల్లుమంది.

ఆవిడ కౌంటరు మీద గరిటెతో టంగుమని కొట్టింది. "ముందు ఐదుగురూ ఎవరి స్టూలు మీద వాళ్లు కూర్చోండి! తర్వాత ఏడవండి!"

ఆ గొంతుకి ఐదుగురూ టక్కున కూర్చున్నారు. గడియారం ఆరు కొట్టింది. ఆవిడ చీటీ పైకెత్తి, ఒక్కొక్కరినీ చూపిస్తూ చెప్పింది. "ఆయన తలుపునుంచి రాశారు, నేను గోడనుంచి పోశాను. బీరు దర్జీగారిది, బాబాయిగారికి పోయింది. సోడా బాబాయిగారిది, దర్జీగారికి పోయింది. బ్రాందీ, రమ్మూ తారుమారు. ఎవరికీ ఏ కబురూ లేదు. తప్పంతా నాదే."

దర్జీ కవరు చింపి చూసి, "జబ్బేమీ లేదే!" అని భార్య మీద వాలిపోయాడు.

"అయితే నేను పోవడం లేదా?" అన్నాడు గార్డుగారు, కొంచెం చిన్నబోయి.

"మీకసలు మందు మానమన్నది ఆర్నెల్లేనండీ," అంది భార్య కళ్లు తుడుచుకుంటూ. "తర్వాత నేనే చెప్పలేదు."

సెలూనాయన కత్తి వంక చూసుకున్నాడు. "అంటే మన రాజీ కూడా పొరపాటేనా, మాస్టారూ?"

"ఒక చెంప అయింది కదా. రెండోది కూడా కానియ్."

బావగారు ఐదు స్టూళ్లూ మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత నిలబడ్డవాళ్లను లెక్కపెట్టబోయి మానుకున్నాడు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో తోశాడు.

"అమ్మడం లేదు," అన్నాడు. "కానీ ఒక షరతు. రేపట్నించి కౌంటరు వెనక నువ్వే ఉండాలమ్మా, నోరున్నదానివి. వాడు గ్లాసులు కడుగుతాడు."

తమ్ముడి అభిప్రాయం కోసం అందరూ అటు తిరిగారు. తమ్ముడు యథాప్రకారం ఏమీ అనలేదు. అది ఒప్పుకోలుగా నమోదైంది.