గడప దాటిన విజ్ఞానం

“నేటి నుంచి సైన్సు నాలుగు గోడల మధ్య ఖైదీ కాదు! దానికి నేను విడుదల ప్రసాదిస్తున్నాను!” అని మంత్రిగారు అమలాపురంలో గర్జించారు. గర్జించింది ఏసీ కల్యాణ మండపంలో. చల్లదనం పారిపోకుండా తలుపులు బిగించి, కిటికీలకు పరదాలు దించి, మండలాల నుంచి రప్పించిన టీచర్లు పారిపోకుండా గుమ్మం దగ్గర కానిస్టేబుళ్ళను నిలబెట్టి మరీ ఆ స్వేచ్ఛను ప్రకటించారు. పథకం పేరు ‘గడప దాటిన విజ్ఞానం’. హాలంతా చప్పట్లతో మోగింది. అల్లవరం దగ్గర చింతవారిలంక హైస్కూల్లో సైన్సు చెప్పే బ్లెస్సీ టీచరు కూడా కొట్టింది. పాపం, ఆవిడ మనస్ఫూర్తిగానే కొట్టింది.

ఎందుకంటే ఆవిడ ఏ మంత్రీ చెప్పకముందే గడప దాటేసిన మనిషి. బడి వెనకే పంటకాలవ. శనివారం వచ్చిందంటే ఎనిమిదో తరగతిని గట్టు మీదికి తీసుకెళ్ళేది. మందార రేకలు నలిపిన నీళ్ళలో నిమ్మరసం ఒకసారి, సబ్బునీళ్ళు ఒకసారి పోయించి రంగులు మారడం చూపించేది. గుర్రపుడెక్క కాడ కోసి, అది ఎందుకు మునగదో పిల్లల చేతే చెప్పించేది. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. అంచేత ఆ క్లాసు సంగతి ప్రభుత్వానికి తెలీదు.

ఆ తరగతిలో వీరవేణి అని ఒక పిల్ల ఉంది. గదిలో కూర్చోబెడితే గోడకి చేరబడి హాయిగా కునికేది. ఏడాదంతా నోరు విప్పి ఎరగదు. అలాంటిది ఒక శనివారం గుర్రపుడెక్క కింద తోకకప్పల్ని చూసి, “టీచరు గారూ, కప్ప పెద్దదయ్యేక ఆ తోక ఊడిపోద్దాండీ, లోపలికి పోద్దాండీ?” అని అడిగింది. బ్లెస్సీకి ఏడుపొచ్చినంత పనైంది. జవాబు ఆవిడకి తెలుసు, కానీ చెప్పలేదు. “వారం వారం వచ్చి చూద్దాం, నువ్వే చెబుదువుగాని,” అంది. అప్పటినుంచి వీరవేణి శనివారం కోసం కాచుక్కూర్చునేది. ఆ జవాబు పిల్ల నోటివెంట వినాలని బ్లెస్సీకి అంతకంటే ఆత్రంగా ఉండేది.

బ్లెస్సీలో లోపం అంటూ ఉంటే ఒక్కటే. కోనసీమలో పెద్దవాళ్ళు ఏమన్నా ‘ఆయ్’ అనడం మర్యాద. మాట విన్నాక అంటే మామూలు మర్యాద, వినకముందే అంటే మంచి మర్యాద. బ్లెస్సీ చాలా మంచి మర్యాద తెలిసిన మనిషి.

ఈలోగా పథకం ఎక్కడ అమలవుతోందో చూపించమని పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. ప్రకటించాక అమలు కూడా చెయ్యాలని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఆఫీసులన్నీ కంగారు పడ్డాయి. పథకం పుట్టకముందే అమలైపోయిన బడి తన మండలంలోనే ఉందని కనిపెట్టిన ఘనత ఎంఈవో సూర్యనారాయణ గారిది. మహా దక్షత గల అధికారి. బడి ముందు స్కూటరు దిగుతూనే ఆయన కళ్ళు చెమర్చాయి.

“టీచరు గారూ, మీరు మా మండలానికే దీపమండీ! మంత్రిగారు స్వయంగా మీ కాలవగట్టు క్లాసు చూడ్డానికి వస్తన్నారు. ఒక్క చిన్న విషయమండీ...”

“ఆయ్,” అంది బ్లెస్సీ.

“కాలవ శుభ్రం చేయించాలండి. ఆ గుర్రపుడెక్క మంత్రిగారి కంట్లో పడితే ఏం బాగుంటదండీ?”

‘ఆయ్’ అయిపోయింది కదా, ఇంకేం అంటుంది? మర్నాటికల్లా పొక్లెయినర్ వచ్చి గుర్రపుడెక్కని, దాని కింద బురదని, బురదలో సమస్తాన్నీ తోడి లారీకి ఎత్తేసింది. పిల్లలు ప్రహరీ దగ్గర నిలబడి చూశారు.

“టీచరు గారూ, అందులో తోకకప్పలున్నాయండీ!” అని అరిచింది వీరవేణి.

“మళ్ళీ వస్తాయిలేమ్మా,” అంది బ్లెస్సీ. అన్నందుకు రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు సూర్యనారాయణ గారు కాలవని పరిశీలించి పెదవి విరిచారు. “మరీ బోసిగా ఉందండీ. జీవరాశి కనపడాలి కదండీ?” జీవరాశి సాయంత్రానికి ఆటోలో దిగింది. ప్లాస్టిక్ కప్పలు, ప్లాస్టిక్ తామరలు, ఒక ప్లాస్టిక్ కొంగ. వాటిని నీళ్ళలో వదిలితే కప్పలు వెల్లకిలా తేలాయి.

తర్వాత పోలీసులొచ్చారు. పిల్లలు నీళ్ళలో పడితే మంత్రిగారి పర్యటనకి మచ్చ. గట్టు పొడవునా బారికేడ్లు కట్టారు. బారికేడ్ల సందుల్లోంచి పిల్లలు దూరితే? ఆకుపచ్చ వల బిగించారు. ఆ దెబ్బతో కాలవ కనపడ్డం మానేసింది. కాలవ లేకుండా కాలవగట్టు క్లాసేమిటని సూర్యనారాయణ గారే బాధపడి, వల మీద నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించారు. అందులో కాలవ, కాలవ మీద మంత్రిగారు చెయ్యెత్తి నవ్వుతూ.

“ఇది మన కాలవ కాదనుకుంటానండీ. కేరళ పడవ కనపడతంది,” అంది బ్లెస్సీ భయపడుతూ.

“మన కాలవ ఫొటోకి అంత బాగా రాలేదండి. మీరు మాత్రం రోజూలాగే సహజంగా చెప్పేయండీ.”

“ఆయ్.”

మంత్రిగారు చెప్పిన టైముకి కాకపోయినా అదే రోజున వచ్చారు. షామియానాలో ఫ్లెక్సీకి రిబ్బను కత్తిరించారు. కొబ్బరిబొండం తాగుతూ ముందు వరసలో ఉన్న వీరవేణిని పిలిచారు.

“ఏమ్మా, కాలవలో ఏమేం జీవులుంటాయో చెప్పు!”

వీరవేణి ఒక్క క్షణం ఆలోచించి, “చూసి చెబుతానండి,” అని శనివారాలు కాలవ నీళ్ళు పట్టే సీసా తీసుకుని ఫ్లెక్సీ పక్కనుంచి దూరబోయింది. గన్‌మన్ ఠక్కున అడ్డుపడి సీసా లాక్కున్నాడు. సూర్యనారాయణ గారికి ముచ్చెమటలు పోశాయి. బ్లెస్సీకి మాత్రం ఆ పిల్లని అక్కడికక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

“చూసి చెప్పడం ఎవరికైనా వచ్చమ్మా! చూడకుండా చెప్పాలి. అదీ తెలివంటే,” అని మంత్రిగారు నవ్వారు. అందరూ నవ్వారు. తర్వాత ఆయన మైకు అందుకున్నారు. “ఈ తల్లి కాలవ చూడాలని ఎంత తపిస్తోందో గమనించారా? ఎండలో, వానలో, నీళ్ళలో దిగి చూడాల్సిన ఖర్మ నా పిల్లలకేంటి? ఈ గట్టు మీదే, ఇక్కడే, బహిరంగ విజ్ఞాన భవనం మంజూరు చేస్తున్నా! కాలవని ఏసీలో చూపిస్తా!”

చప్పట్లు. “మీ క్లాసుకి పక్కా భవనం వచ్చేసిందండీ!” అని సూర్యనారాయణ గారు బ్లెస్సీ చెవిలో ఆనందబాష్పాలు రాల్చారు. “మరి గట్టు మీద...” అని ఆవిడ మొదలెట్టింది. “గట్టు మీదేనండీ కట్టేది! బాగుంది కదండీ?”

ఆవిడ నోరు అలవాటు కొద్దీ పని చేసింది.

ఎన్నికలు దగ్గర్లో ఉండడం వల్ల భవనం నిజంగానే లేచింది. నాలుగు గోడలు, గడప, గడపకి మామిడాకులు. ప్రారంభానికి మంత్రిగారు మండపేట మీటింగులో ఉండి వీడియోలో గడప దాటారు. లోపల కాలవని చూపించేందుకు గోడంత టీవీ పెట్టారు. శనివారం పిల్లలు చెప్పులు విడిచి లోపలికి రావాలి. కాలవ వైపు వెళ్ళరాదని బయట బోర్డు కట్టారు. బ్లెస్సీకి ఉత్తమ బహిరంగ బోధకురాలిగా శాలువా కప్పారు. ఆ శాలువా ఏసీ గదిలో బాగా పనికొచ్చింది.

ఒక శనివారం ఏసీకి కరెంటు చాలక కిటికీ తెరిచి పెట్టారు. కిటికీ అవతల అసలు కాలవ. పొక్లెయినర్ పోయిన చాన్నాళ్ళకి గుర్రపుడెక్క మళ్ళీ అల్లుకుంది. దాని నీడన నల్లగా, సన్నగా ఏవో కదులుతున్నాయి. బ్లెస్సీ వాటిని చూసింది. తోకలు! ఆవిడ వీరవేణి వైపు తిరిగింది.

వీరవేణి టీవీ వైపు మెడ సాచి చూస్తోంది. టీవీలో ‘కప్ప జీవితం’ నడుస్తోంది. గుడ్డు వచ్చింది. తర్వాత మంత్రిగారి సందేశం వచ్చింది. సందేశం అయ్యేసరికి కప్ప పెద్దదైపోయి గట్టు మీద కూర్చుని ఉంది. మధ్యలో ఏమైందని ఎవరూ అడగలేదు.

“వీరవేణీ,” అని పిలిచింది బ్లెస్సీ.

“ఆయ్, నేనూ అదే చెబుదామనుకుంటన్నానండీ,” అంటూ ఆ పిల్ల లేచి కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఈ కిటికీ మూసేద్దామాండీ టీచరు గారూ? వెలుతురికి కాలవ కనపడట్లేదండి.”