కండె నిలబెట్టిన రాయమల్లు

ఒక కణం రెండుగా చీలడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు, దానికి సర్క్యులర్ కావాలి. 2006 ఎండాకాలంలో, గోదావరిఖని గని కార్మికుడు కొమురెల్లి ఎడమ అరచేతి చర్మంలో, అట్టడుగు వరసలో ఉన్న ఒక కణానికి అలాంటి సర్క్యులరే వచ్చింది. (కొమురెల్లికి తెలియదు. చెయ్యి ఎవరిదో వాళ్లను అడిగే ఆనవాయితీ లేదు.)

పద్ధతి ఇది. కణం నడుమ ఒక కండె ఉంటుంది. క్రోమోజోముల ఆస్తిని చెరిసగం పంచేది అదే. దాని రెండు కొసల నుంచి తాళ్లు కణం అంచుల దాకా పోతాయి. అంచుల దగ్గర ముఠాలు నిలబడి లాగుతాయి. లాగుడు ఎటు గట్టిదైతే కండె అటు తిరుగుతుంది. కండెకు అడ్డంగా, సరిగ్గా నడుమ, కణం తెగుతుంది. కండె పడుకుని ఉంటే పిల్ల కణాలు రెండూ అడుగునే ఉండిపోతాయి. నిలబడితే ఒకటి అడుగున, ఒకటి పైన.

పై అంచు ముఠాకు మేస్త్రీ రాయమల్లు. పుట్టింది మొదలు తడిలో, ఇరుకులో బతికాడు. అతనికి ఒకటే కోరిక: సర్ఫేస్ డ్యూటీ. బొగ్గుబాయిలోకి దిగే ఎవరినడిగినా అదే చెబుతారు. పైన గాలి, వెలుతురు, తేలిక పని. బాయి మనిషి అరచేతిలో పుట్టినవాడు వేరేగా ఎలా ఆలోచిస్తాడు?

కండె అధికారి పట్టాభిరామయ్యగారు కాగితం చదివారు. "కండెను నిలబెట్టాలయ్యా. తెగాక పై సగంలో ఉన్నవాళ్లందరికీ పైకి పోస్టింగ్."

"సారూ, పై అంచుకాడ ఉన్నది మేమే గదా?" అన్నాడు రాయమల్లు.

"మరి ఎవరనుకున్నావ్? నువ్వెంత గట్టిగా లాగితే అంత త్వరగా వెళ్తావు."

ఆ మాట అని తన కుర్చీని, ఫైళ్లను కండె అడుగు కొసకు మోయించుకున్నారు. (పెద్ద అధికారులకు పైగాలి పడదు.)

పక్క అంచు ముఠాలో, కింది సగాన నిలబడ్డ సదానందానికి అనుమానం వచ్చింది. "అన్నా, పైకి పోయినోళ్లల్ల ఒక్కలన్న మళ్ల కానొచ్చిండ్రా? జర ఆగరాదు."

"గంత సుఖముంటే మళ్ల ఎందుకొస్తరు తమ్మీ?"

రాయమల్లు ముఠా ప్రాణం పెట్టి లాగింది. కండె ఊగింది, ఒరిగింది, నిట్టనిలువుగా నిలబడింది. ఇంత నిటారు కండె ఇటీవల చూడలేదని తనిఖీ సంఘం మెచ్చుకుంది. కణం తెగింది. రాయమల్లు పైకి పోయాడు.

వెలుతురు నిజంగానే ఉంది. నీళ్లే లేవు. ఒక్కో వరస ఎక్కేకొద్దీ ఒళ్లు పలచబడింది, ఎండింది. దారిలో క్రోమోజోములుండే ఆఫీసు మూసేశారు, తాళ్లు ఊడదీశారు. (పొదుపు చర్యలు.) చివరి వరసలో బిక్షం అనే ముసలాయన అట్టముక్కలా పడుకుని ఉన్నాడు.

"కాకా, ఈడ డ్యూటీ ఏంది?"

"రాలిపోవుడే బిడ్డా. ఫికర్ చెయ్యకు, నంబరు ప్రకారమే పిలుస్తరు."

రాయమల్లుకు ఏడుపొచ్చింది. ఏడవడానికి ఒంట్లో నీళ్లు లేవు. "మా సదానందానికి ఒక్క మాట చెప్పొస్త కాకా. కిందికి దారెటు?"

"కిందికి దారి పెట్టలె బిడ్డా."

అదే వారం అడుగున పట్టాభిరామయ్యగారు కొత్త సర్క్యులర్ చదివారు. పై అంచు మేస్త్రీ పోస్టు ఖాళీ. సర్ఫేస్‌కు వెళ్లినవారి నుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని అందులో రాసి ఉంది. ఆ ముక్క వినగానే సదానందం దరఖాస్తు పెట్టుకున్నాడు.