కోళ్ల గూట్లో కాసిల్దా

ఒబ్దూలియా బైబిల్ వేదాంతం చదువుకోవడం మీద ఆమె మొగుడు ఫిలడెల్ఫోకి ఏ అభ్యంతరమూ లేదు. ఆ వేదాంతం ఒక మగగొంతులోంచి వస్తోందన్నదే అతని బాధ.

సాయంత్రం కాగానే ఒబ్దూలియా పెనం మీద మొక్కజొన్న రొట్టెలు కాలుస్తూ, ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టుకునేది. అందులోంచి పాకంలో ముంచి తీసినట్టు ఒక గొంతు పలికేది. "శాంతి సమాధానాలు కలుగుగాక, సోదరీ ఒబ్దూలియా! మీ జవాబు నా మనసుకి హత్తుకుంది."

ఫిలడెల్ఫో నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయేది. పెళ్లాం పేరులో అంత తీపి ఉందని అతనికి ఇన్నేళ్లలో ఎప్పుడూ తట్టలేదు. తను పిలిస్తే అది "ఒబ్దూ!" అని, టైరు పేలినట్టు వినిపించేది. హుతియాపా ఊరి చివర పెద్ద రోడ్డు పక్కన పంక్చర్ షాపు నడిపేవాడికి ఇంకెలా పిలవడం వస్తుంది?

"ఎవడే వాడు?"

"వాడు కాదు, వారు. ప్రొఫెసర్ అబ్సలోన్ గారు. రాజధానిలో ఉంటారు. ఫోన్లోనే చదువు చెబుతారు."

"ఎంత గుంజుతున్నాడు?"

"పైసా లేదు. ఉచితం."

"ఉచితమా? నేను టైర్లో గాలి కూడా ఊరికే కొట్టను. ఊరికే చదువు చెబుతున్నాడంటే వాడికి ఇంకేదో కావాలే!"

"అవును, కావాలి. శుక్రవారానికల్లా వ్యాసం కావాలి. కాస్త జరుగు, రొట్టె మాడుతోంది."

బైబిల్లో అబ్సలోన్ అనే రాజకుమారుడికి తలనిండా ఒత్తైన జుట్టని ఫిలడెల్ఫో చిన్నప్పుడు ఆదివారం బడిలో విన్నాడు. ఆ సంగతి గుర్తొచ్చి తన తల తడుముకున్నాడు. అక్కడ చేతికి తగలడానికి ఏమీ లేదు.

ఒబ్దూలియాకి మాత్రం వేరే ఆశ ఉంది. ఆడవాళ్లలో ఈ చదువు మొదటి స్థానంలో ముగించిన వాళ్లకి చర్చిలో ఆడవాళ్ల ఆదివారం క్లాసు అప్పగిస్తానని పాస్టర్ ఎలియోదోరో మాటిచ్చాడు. ఒబ్దూలియా చిన్నతనంలోనే బడి మానేసి మొక్కజొన్న పిండి రుబ్బడానికి కూర్చున్న మనిషి. నలుగురి ముందు నిలబడి పాఠం చెప్పాలని ఆమెకి ఎంత కోరికంటే, రాని క్లాసు కోసం ముసుగు ముందే ఇస్త్రీ చేసి దాచుకుంది.

ముసుగంటే చెప్పాలి. వాళ్ల చర్చిలో మగవాళ్లు కుడిపక్క, ఆడవాళ్లు ఎడమపక్క కూర్చుంటారు. ఆడవాళ్ల తల మీద తెల్ల ముసుగు తప్పనిసరి. గుమ్మం దగ్గర కాపలా కాసి ఇదంతా నడిపించేది సాక్షాత్తూ ఫిలడెల్ఫోనే. ఒకసారి మేయరుగారి వదిన ముసుగు మరిచిపోయి వస్తే ఆవిణ్నీ వదల్లేదు. "ముసుగు లేనిదే ముందుకు పోవడానికి వీల్లేదమ్మా, ఎవరైనా సరే" అని ఆపేశాడు. ఆ కథ ఊళ్లో తనే పది మందికి చెప్పుకున్నాడు కూడా.

చదువు ఫోన్లోకి వచ్చినా ఈ పద్ధతి మారలేదు. మగవాళ్ల గ్రూపు వేరు, ఆడవాళ్ల గ్రూపు వేరు. మగవాళ్లకి పాఠం చెప్పేది ఎప్పుడూ జలుబుతో ఉండే ఇంకో మాస్టారు. అబ్సలోన్ ఆడవాళ్లకే. ఆ గొంతు మీద నిఘా పెట్టాలంటే దారి ఒక్కటే.

అందుకని ఒక మధ్యాహ్నం ఫిలడెల్ఫో ఆడదైపోయాడు.

పోయిన మేనత్త పేరు వాడుకుని, సిస్టర్ కాసిల్దాగా ఆడవాళ్ల గ్రూపులో చేరాడు. ఫొటోలో మొహం ఉండాల్సిన చోట మందార పువ్వు పెట్టాడు. గొంతు పోయిందని, కెమెరా పగిలిందని రాశాడు. ఎందుకైనా మంచిదని మొగుణ్ని కూడా చంపేసి, వితంతువునని చేర్చాడు.

ఊరికే చూస్తూ కూర్చుందామంటే కుదరలేదు. జవాబులు రాయని వాళ్లని గ్రూపులోంచి తీసేస్తానన్నాడు ప్రొఫెసర్. ఇంట్లో రాస్తే పెళ్లాం చూస్తుంది, షాపులో రాస్తే లారీ డ్రైవర్లు చూస్తారు. మిగిలింది పెరట్లో కోళ్ల గూడు. ఫిలడెల్ఫో అందులో బకెట్ బోర్లించుకుని కూర్చుని, జీవితంలో మొదటిసారి చదవడం మొదలుపెట్టాడు.

"ఇంతసేపు ఏం చేస్తున్నావయ్యా అక్కడ?"

"గుడ్లు చూస్తున్నా!"

"చూస్తున్నావా, పొదుగుతున్నావా?"

ముగ్గురైనా దేవుడు ఒక్కడేననే త్రిత్వం గురించి రాయమంటే, టైరు, ట్యూబు, గాలి మూడైనా నడిచేది ఒక్క చక్రమేనని కాసిల్దా రాసింది. ప్రొఫెసర్ మురిసిపోయాడు. "ఎంత తేటగా చెప్పారు, సోదరీ కాసిల్దా!" అన్నాడు. ఫిలడెల్ఫోకి ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే తనమీద తనకే ఒళ్లు మండింది.

ఒబ్దూలియా గ్రూపులో రాసింది: "సిస్టర్‌కి బళ్ల సంగతి బాగా తెలిసినట్టుందే!"

"మా ఆయనకి బస్సుండేది" అని కాసిల్దా చచ్చిన మొగుడికి ఒక బస్సు కొనిపెట్టింది.

యాకోబు అన్న వేషం వేసుకుని, గుడ్డి తండ్రికి ఇష్టమైన వంట తినిపించి దీవెన కొట్టేసిన పాఠం వచ్చింది. ఆ తండ్రి నిజంగా మోసపోయాడా అని అడిగాడు ప్రొఫెసర్. ముమ్మాటికీ మోసపోయాడు, వేషం అంత బాగా కుదిరింది అని కాసిల్దా గట్టిగా వాదించింది. "తెలిసే ఉంటుంది లెండి. వంట రుచిగా ఉన్నప్పుడు తెలియనట్టు కూర్చుంటే నష్టమేముంది?" అంది ఒబ్దూలియా. ఆ వారం ఎక్కువ మెచ్చుకోలు ఒబ్దూలియాకే దక్కింది. కోళ్ల గూట్లో ఫిలడెల్ఫో ఉడికిపోయాడు. పరాయివాడు పెళ్లాన్ని మెచ్చుకున్నందుకా, పెళ్లాం తనని మించిపోయినందుకా అన్నది అతనికే తేలలేదు. మర్నాటి నుంచి షాపు మధ్యాహ్నమే మూసేసి చదివాడు.

ఆరా తీద్దామని ఒబ్దూలియాకి విడిగా మెసేజ్ పెట్టాడు. "ప్రొఫెసర్ గొంతు భలే తియ్యగా ఉంటుంది కదూ?"

"మా ఆయన గొంతూ ఒకప్పుడు అలాగే ఉండేది సిస్టర్. తిరునాళ్లలో లారీ మీద నిలబడి నా పేరు పెట్టి పిలిచాడు, అంతే, పడిపోయాను. ఇప్పుడు ఆ గొంతు టైర్లకి తప్ప వాడడు."

ఆ సాయంత్రం ఫిలడెల్ఫో వంటగది గుమ్మంలో నిలబడి "ఒ...బ్దూ...లియా" అని రాగం తీశాడు.

"ఏమైందయ్యా, కడుపునొప్పా?"

కాసిల్దాకి మాత్రం ఒబ్దూలియా మనసు విప్పి చెప్పుకుంటూనే ఉంది. వంటింటి కప్పు కారుతోందని చెబితే ఫిలడెల్ఫో మర్నాడే రేకులెక్కి కూర్చున్నాడు. పొద్దున్నే ఎవరైనా కాఫీ పెట్టిస్తే ఎంత బాగుండునో అంటే కాఫీ పెట్టాడు. బట్టలుతికే తొట్టికి గచ్చు చేశాడు. ఇంత పని చేయించుకుంటూ కూడా పెళ్లాం ప్రొఫెసర్ పాఠాలు మానకపోయేసరికి అతని ఓర్పు అయిపోయింది. ఆ మనిషి గుట్టు బయటపెట్టాలని వల విసిరాడు. "మీ గొంతు వింటే నాకు నిద్ర పట్టడం లేదు, ప్రొఫెసర్ గారూ" అని రాసింది కాసిల్దా.

జవాబు వెంటనే వచ్చింది. "సోదరీ, మీ ఒంటరితనం అర్థమైంది. నేనూ మా ఆవిడా మీకోసం ఉపవాసం ఉంటాం. పట్టాలిచ్చే రోజు ఇద్దరం వచ్చి మిమ్మల్ని స్వయంగా కలుస్తాం."

ఫోన్ కోళ్ల నీళ్ల మూకుడులో పడింది.

పట్టాల రోజు చర్చి కిటకిటలాడింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఫిలడెల్ఫో బస్సు దిగుతున్న ప్రొఫెసర్‌ని చూసి నోరు తెరిచాడు. బక్కపలచని ముసలాయన. తల మీద ఒక్క వెంట్రుక లేదు, ఎండకి మిలమిలా మెరుస్తోంది. వెనకాల ఆయన భార్య, "కాలరు సరిగ్గా పెట్టుకోండి, ఎన్నిసార్లు చెప్పాలి!" అని సరిచేస్తోంది. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది ఈ తాతగార్ని చూసా అని ఫిలడెల్ఫోకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఆడవాళ్లలో మొదటి స్థానం సిస్టర్ కాసిల్దా!" అన్నాడు పాస్టర్. "వెంట్రుకవాసిలో రెండో స్థానం, సిస్టర్ ఒబ్దూలియా."

ఎడమపక్క ముసుగులన్నీ అటూ ఇటూ తిరిగాయి. ఊళ్లో ఎవరికీ కాసిల్దా తెలియదు.

"సిగ్గుపడకండి, సోదరీ, ముందుకు రండి" అంది పాకం గొంతు.

ఎవరూ లేవలేదు. పాస్టర్ నిట్టూర్చాడు. "సరే, ఆవిడ దొరికేదాకా ఆడవాళ్ల క్లాసు ఖాళీగానే ఉంచుదాం."

ఒబ్దూలియా తల వంచుకుంది. ఆ వంగిన తలని చూడగానే ఫిలడెల్ఫోకి తను చేసిన పని తెలిసొచ్చింది. తను కాపలా కాద్దామనుకున్నది పెళ్లాన్ని, తీరా దోచుకున్నది ఆమె క్లాసుని. అంత సిగ్గు అతనికి ఎప్పుడూ వేయలేదు.

"పాస్టర్ గారూ, కాసిల్దా దొరకదు" అన్నాడు గుమ్మం దగ్గర్నుంచి. "కాసిల్దా... నేనే. క్లాసు మా ఆవిడది. ఇచ్చెయ్యండి."

చర్చిలో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపారు. ఫిలడెల్ఫో చేతులు కట్టుకుని మధ్య దారిలో నాలుగడుగులు వేశాడో లేదో,

"ఆగు!"

ఒబ్దూలియా లేచి నిలబడింది. సంచీలోంచి ఇస్త్రీ మడత నలగని ఇంకో తెల్ల ముసుగు తీసింది. చుట్టూ అంచు, లోపల లాస్టిక్ కుట్టి ఉన్నాయి. పిన్నులు పెట్టడానికి జుట్టు లేని తల కోసం కొలత తీసుకుని కుట్టిన ముసుగది.

"ముసుగు లేనిదే ముందుకు పోవడానికి వీల్లేదు, ఎవరైనా సరే" అంటూ వచ్చి మొగుడి బోడితల మీద తొడిగింది. చర్చి చర్చంతా గొల్లుమంది. మేయరుగారి వదిన అందరికంటే గట్టిగా నవ్వింది.

ప్రొఫెసర్ ఫిలడెల్ఫో చేతిలో పట్టా పెట్టి, ఆ తియ్యటి గొంతుతో మైకులోనే ఆప్యాయంగా అడిగాడు. "ఇప్పుడు నిద్ర పడుతోందా, సోదరీ?"

క్లాసు ఒబ్దూలియాకే ఇచ్చారు. అబద్ధం ఆడినందుకు సిస్టర్ కాసిల్దా ఏడాది పాటు ఆ క్లాసులో ఎడమపక్క ముందు బెంచీ మీద కూర్చోవాలని పాస్టర్ తీర్పు చెప్పాడు. ముసుగుతోనే.

ఇంటికి నడుస్తూ ఫిలడెల్ఫో నెమ్మదిగా అడిగాడు. "ఇంతకీ నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. నేను మెసేజ్ పెట్టినప్పుడల్లా కోళ్ల గూట్లో టింగుమనేది. మన కోళ్లకి ఫోన్ లేదు కదా."

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

"ఎలా అడుగుతానయ్యా?" అంది ఒబ్దూలియా. "అప్పటికింకా కప్పు కారుతోంది."